కుట్టుమిషను ఆగిన మధ్యాహ్నం

1993 వేసవి సెలవులు గుర్తొస్తే నాకు ముందు వినిపించేది కుట్టుమిషను చప్పుడు. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో, మా ఇంటి వసారాలో ఒక చివర అమ్మ మిషను, ఇంకో చివర తాతయ్య నవారు మంచం, మధ్యలో గడప మీద నేను, నా ఒళ్లో ఇంగ్లీషు కవి మిల్టన్ పుస్తకం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కరెంటు ఉండేది కాదు. అమ్మది తొక్కుడు మిషను కాబట్టి దానికి కరెంటుతో పనిలేదు, పైగా పెళ్లిళ్ల రోజులు, కుట్టాల్సిన జాకెట్లు మూటలు మూటలుగా పక్కనే ఉండేవి, ఆమె తొక్కుతూనే ఉండేది. ఆ చప్పుడు దాటి తాతయ్యకి వినపడాలని నేను గొంతు పెంచి చదివేదాన్ని. "దేవుడు మాట్లాడే చోట కూడా అంత అరవాలంటే" అని అమ్మ ఒకసారి అంది, అనేసి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

అప్పటికి నేను గుంటూరులో ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం పూర్తి చేశాను. ఆదాము, హవ్వ దేవుడి మాట మీరి తోట పోగొట్టుకున్న కథ మిల్టన్ 'పారడైజ్ లాస్ట్'. అది పన్నెండు భాగాల కావ్యమైనా మాకు పాఠంగా ఉన్నవి మొదటి రెండే. ఆ రెండింట్లో దేవుడు కనపడడు, ఆయన గొంతూ వినపడదు, ఉన్నదంతా సాతానే. పరలోకం నుంచి కిందికి తోసేస్తే తొమ్మిది రోజులు మంటల మడుగులో పడున్నవాడు తలెత్తి చూసి, తోటివాళ్లని లేపి, పరలోకంలో సేవ చేసేకంటే నరకంలో ఏలడం మేలు అంటాడు. ఇరవై ఏళ్ల వయసులో ఆ మాట ఎవరికి నచ్చదు? క్లాసులో మేమందరం సాతాను పక్షమే. మరి దేవుడి సంగతేంటి అని అడిగితే మూడో భాగం పరీక్షకి లేదన్నారు, ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది. నా మనసులో మాత్రం అవలేదు. చిన్నప్పట్నించీ పొద్దున్నే చాప మీద కుటుంబ ప్రార్థనకి కూర్చుని పెరిగినదాన్ని కదా, సాతానే ఇంత గొప్పగా మాట్లాడితే ఇక దేవుడు ఇంకెంత గొప్పగా మాట్లాడతాడో వినాలని లైబ్రరీలో మొత్తం పుస్తకం తీసుకుని మరీ సెలవులకి ఇంటికొచ్చాను.

తాతయ్య మిషన్ స్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. నీటికాసులతో చూపు కొంచెం కొంచెంగా తగ్గిపోయి ఆ ఏడాదికి వెలుగూ నీడా తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆయన బీరువాలో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, పోతన భాగవతం, జాషువా కావ్యాలు ఒకే అరలో ఉండేవి. పొద్దున పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకున్న గొంతే సాయంత్రం గజేంద్రమోక్షం ఎత్తుకునేది, మా ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించేది కాదు. చూపు పోయాక ఆయన్ని నిలబెట్టింది నోటికొచ్చిన ఆ పద్యాలే. నిద్ర పట్టని రాత్రుళ్లు మంచం మీద లేచి కూర్చుని "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని గొణుక్కోవడం పక్కగదిలోంచి విన్నాను. ఆ పద్యం ఎందుకు చదువుతున్నారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏం పుస్తకమమ్మా అది?" అన్నారు మొదటిరోజు, పేజీలు తిప్పిన చప్పుడు విని.

"మిల్టన్ అని, ఇంగ్లీషు కవి తాతయ్యా. కళ్లు పోయాక రాశాడు." నోరు జారాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

తాతయ్య లేచి కూర్చున్నారు. "కళ్లు పోయాక ఎట్లా రాశాడు?"

అప్పుడు నాకు తెలిసిందంతా చెప్పాను. 1649లో ఇంగ్లండు రాజు చార్లెస్‌కి శిరచ్ఛేదం చేసిన ప్రభుత్వంలో ఆయన ఉద్యోగం చేశాడనీ, ఆ పని న్యాయమేనని పుస్తకాలు రాశాడనీ, 1652కల్లా చూపు పూర్తిగా పోయిందనీ, 1660లో రాజరికం తిరిగొచ్చాక కొన్నాళ్లు జైల్లో కూడా పెట్టారనీ. ఈ కావ్యమంతా ఆయన చెబుతుంటే వేరేవాళ్లు రాసిందే. రాత్రి పడుకుని మనసులోనే పంక్తులు కూర్చుకునేవాడట, తెల్లారాక రాసిపెట్టే మనిషి రావడం ఆలస్యమైతే "నన్ను పాలు పితకాలి" అనేవాడని పాత జీవితచరిత్రలో ఉంది. ఆ ముక్క దగ్గర తాతయ్య ముఖం విప్పారింది. "పొదుగు నిండితే గేదె ఊరుకుంటుందా మరి, తొక్కిసలాడుతుంది. బాగా చెప్పాడు" అన్నారు. 1667లో మొదటిసారి అచ్చయినప్పుడు పది భాగాలేననీ, ప్రచురించినాయన చేతికిచ్చింది ఐదు పౌన్లనీ, 1674లో దాన్నే పన్నెండుగా విడగొట్టాడనీ చెబితే, "భాగవతం కూడా పన్నెండు స్కంధాలేగా" అన్నారు. అప్పట్నించీ మా ఇద్దరికీ అవి స్కంధాలే.

ఆయన షరతు ఒకటే. ముందు ఇంగ్లీషులో చదవాలి, నడక ఎట్లా ఉందో వినాలి. ఆ తర్వాత తెలుగులో చెప్పాలి. చెప్పేటప్పుడు నాకు తోచిన అలంకారాలు కలపకూడదు, లేనిది లేనట్టు, ఉన్నది ఉన్నట్టు.

మొదటి రెండు స్కంధాలూ ఒక్కరోజులో కథగా చెప్పేశాను. మూడోది దేవుడితో మొదలవుతుందనుకుంటే మొదలైంది వెలుగుతో. మిల్టన్ వెలుగుకి నమస్కారం పెట్టి, నీ దగ్గరికి తిరిగొచ్చాను గానీ నువ్వు మాత్రం నా కళ్లలోకి తిరిగి రావడం లేదంటాడు. ఏడాదితో పాటు ఋతువులన్నీ తిరిగొస్తాయి, నాకు పగలు తిరిగి రాదు అంటాడు. ఇక చూడలేనివి ఒక్కొక్కటే చెబుతాడు, పొద్దు పొడవడం, పొద్దు వాలడం, వసంతంలో పువ్వు, వేసవిలో గులాబీ, గొర్రెల మందలు, పశువులు, అన్నిటికన్నా చివర మనిషి ముఖం.

"ఆ చివరిది మళ్లీ చెప్పమ్మా."

"మనిషి ముఖం."

"ఇంగ్లీషులో ఇంకో మాట కూడా వినపడింది."

"దివ్యమైన మనిషి ముఖం, తాతయ్యా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు ఆరో క్లాసులో ఉన్నప్పటి ముఖమే నాకు గుర్తు" అన్నారు. నేను తలొంచుకుని పేజీలో తర్వాతి పంక్తి వెతికాను, కళ్లకి ఏమీ ఆనలేదు, మిషను చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

ఆ భాగం ఎందుకంత ముఖ్యమో నాకు తర్వాత చాలా ఏళ్లకి తెలిసింది. దేవుణ్ణి చూపించబోయే ముందు, తనకి ఏమీ కనపడదని మిల్టన్ చెప్పుకుంటున్నాడు. బయటి వెలుగు లేదు కాబట్టి లోపల వెలిగించు, మనుషుల చూపుకి అందనిది చూసి చెబుతాను అని వేడుకుంటున్నాడు. ఇంత వినయంగా అడిగినవాడికి ఏం కనపడుతుందో అని నేనూ తాతయ్యా ఊపిరి బిగబట్టి ఉన్నాం.

కనపడింది సింహాసనం. అన్ని ఎత్తులకీ పైన కూర్చున్న తండ్రి కిందికి చూస్తాడు. ఆదాము, హవ్వ తోటలో ఉన్నారు, సాతాను భూమి వైపు ఎగిరిపోతున్నాడు. అది కుమారుడికి చూపిస్తూ మాట్లాడతాడు. మనిషి వాడి మాట విని పడిపోతాడు. తప్పెవరిది? మనిషిదే. కృతఘ్నుడు, ఇవ్వగలిగిందంతా ఇచ్చాను. నిలబడగలిగే శక్తితోనే వాణ్ణి చేశాను, పడిపోయే స్వేచ్ఛ కూడా ఇచ్చాను. జరగబోయేది నాకు ముందే తెలిస్తే మాత్రం, నాకు తెలియడం వల్ల వాళ్లు తప్పు చేయలేదు.

"ఆగమ్మా" అన్నారు తాతయ్య. "ఈయన ఎవరికి సంజాయిషీ రాసుకుంటున్నాడు?"

మిషను దగ్గర్నించి అమ్మ, "వాళ్లింకా తప్పు చేయనే లేదుగా?" అంది. ఆమె వింటోందని అప్పటిదాకా మాకు తెలీదు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఎంత ఎదురుచూశాను ఈ గొంతు కోసం! సాతాను డాలుని వర్ణించడానికి గెలీలియో దూరదర్శినిలో చూసిన చంద్రుణ్ణి తెచ్చిన కవి, దేవుడు నోరు విప్పేసరికి ఒక్క ఉపమానం కూడా లేకుండా, ఎండిన బావిలా అయిపోయాడేంటి? పోప్ అనే కవి 1737లోనే ఈ మాట అన్నాడనీ, మిల్టన్ చేతిలో తండ్రి దేవుడు మతశాస్త్రం పాఠం చెప్పే పంతులైపోయాడన్నాడనీ తాతయ్యకి చెప్పాను. బ్లేక్ అనే ఇంకో కవి మాటా చెప్పాను, మిల్టన్ దేవుడి గురించీ దూతల గురించీ రాసేటప్పుడు సంకెళ్లతో రాశాడు, సాతాను గురించి స్వేచ్ఛగా రాశాడు, ఎందుకంటే నిజమైన కవి కాబట్టి తెలియకుండానే సాతాను పక్షం చేరాడు అని.

తాతయ్య ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. "మొదట్లో ఏదో మాట ఇచ్చాడన్నావుగా కవి?" అన్నారు. అవును, మొదటి స్కంధంలోనే చెప్పుకున్నాడు, మనుషుల పట్ల దేవుడు చేసేదంతా న్యాయమేనని నిరూపిస్తానని. "అదీ సంగతి. నిరూపిస్తానని పూనుకున్నాక దేవుణ్ణి బోనులో నిలబెట్టక తప్పదు. పోతన అట్లాంటి మాట ఇవ్వలేదు." ఇంకా ఆలోచించి, "పరలోకంలో అలంకారాలు అక్కర్లేదు, నిజం చాలు అనుకున్నాడేమో, బాగానే ఉంది. కానీ భూమ్మీదికొచ్చిన ప్రభువు ఉపమానం లేకుండా బోధించలేదు కదమ్మా? కొడుకు నోట ఉన్న తీపి తండ్రి నోట ఎందుకుండదు?" అన్నారు. తర్వాత నేను చదివిన ఏ విమర్శలోనూ ఈ ప్రశ్నని ఇంత సూటిగా చూడలేదు.

ఆ సాయంత్రం వెల్లకిలా పడుకుని "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు" అని పద్యం మొత్తం చదివారు. లక్ష్మికి చెప్పలేదు, చేతుల్లోకి శంఖచక్రాలు తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెవి మీద పడిన జుట్టు కూడా సర్దుకోలేదు, ఆఖరికి ఆవిడ పైటకొంగు చేతిలో ఉందన్న సంగతి కూడా తెలియకుండా పరిగెత్తాడు. "ఏనుగు పిలిస్తే ఇట్లా లేచి వచ్చినవాడి ముందు, మీ మిల్టన్ దేవుడు కుర్చీలోంచి కదలడే!" అన్నారు. నాకు ఎదురు చెప్పడానికేమీ లేదు. రాజు తల తీయడం న్యాయమన్న మనిషే దేవుణ్ణి మళ్లీ రాజుగా కూర్చోబెట్టాడేంటని ఆ రాత్రంతా అనుకున్నాను, పుస్తకం మూసేద్దామా అని కూడా అనుకున్నాను.

మర్నాడు తాతయ్యే అడిగారు, తరువాయి చదవమని.

తండ్రి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, మనిషి పోగొట్టుకున్నదాన్ని తిరిగివ్వాలంటే వాడి బదులు ఎవరో ఒకరు చావాలి, న్యాయం తీరాలి, మీలో ఎవరు మరణాన్ని ఒప్పుకుని మనిషవుతారు, పరలోకం మొత్తంలో అంత ప్రేమ ఎవరికుంది అని అడుగుతాడు. అడిగాక, దేవదూతల సమూహమంతా మూగగా నిలబడింది, పరలోకంలో నిశ్శబ్దం. మనిషి తరఫున మాట్లాడేవాడు గానీ, మధ్యలో పడేవాడు గానీ ఒక్కడూ కనపడలేదు.

నేను తెలుగులో ఈ వాక్యం పూర్తి చేయకముందే తాతయ్య అందుకున్నారు.

"విశ్వమయత లేమి వినియు నూరకయుండి
రంబుజాసనాదు లడ్డపడక..."

ఏనుగు పేరు పెట్టి ఎవర్నీ పిలవలేదు. ఎవడు విశ్వమంతా నిండి ఉన్నాడో వాణ్ణి పిలిచింది. బ్రహ్మ మొదలైనవాళ్లందరికీ ఆ కేక వినపడింది, వాడు మేము కాదని అందరూ ఊరుకున్నారు. అప్పుడు ఆ విశ్వమయుడే అడ్డపడదలిచాడు. 15వ శతాబ్దపు పోతనకీ 17వ శతాబ్దపు మిల్టన్‌కీ ఒకరి ఊసు ఒకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ దేవుడు కదిలే ముందు ఒకే నిశ్శబ్దాన్ని పెట్టారు! నా ఒళ్లు జలదరించింది. తాతయ్య "తర్వాత, తర్వాత" అంటూ మంచం పట్టె మీద చేత్తో తట్టారు.

తర్వాత కుమారుడు ముందుకొస్తాడు. ఇదిగో నేను, వాడికి బదులు నన్ను తీసుకో, ప్రాణానికి ప్రాణం ఇస్తాను, నీ కోపం నా మీద పడనీ, నన్ను మనిషిగా లెక్కపెట్టు అంటాడు.

"ఇప్పుడు లేచాడమ్మా" అన్నారు తాతయ్య.

మా క్లాసు గుర్తొచ్చి నాకు కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఈ నిశ్శబ్దం కావ్యంలో రెండోసారి వచ్చింది. మొదటిది మేం పరీక్షకి చదివిన రెండో స్కంధంలోనే ఉంది. నరకంలో సభ జరుగుతుంది, కొత్త లోకం వెతకడానికి ఒంటరిగా ఎవరు వెళతారని అడిగితే దయ్యాలన్నీ ఆపద తలుచుకుని నోరు మెదపకుండా కూర్చుంటాయి. అప్పుడు సాతాను లేచి నేను వెళతానంటాడు, పైగా ఇంకెవరూ తనకి తోడొస్తామని చెప్పి పేరు పంచుకోకుండా వెంటనే సభ ముగించేస్తాడు. అక్కడ లేచినవాడు పేరు కోసం, పగ కోసం లేచాడు. ఇక్కడ లేచినవాడు చావడానికి లేచాడు. మిల్టన్ రెండు సభల్నీ ఎదురెదురుగా అద్దాల్లా నిలబెట్టాడు, మాకు ఒక అద్దమే చూపించి ఇదే గొప్ప ముఖమన్నారు. సాతాను పక్షం వహించేవాళ్లలో ఎంతమంది రెండో అద్దం దాకా వచ్చి ఉంటారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ స్కంధంలోనే దూతలు పాట పాడతారు. అందులో దేవుడి వస్త్రపు అంచులు అతి వెలుగు వల్ల చీకటిగా కనపడతాయని ఒక మాట ఉంది, దూతలు కూడా రెక్కలతో కళ్లు కప్పుకుంటే గానీ దగ్గరికి రాలేరు. "ఇది కళ్లున్నవాడు రాయలేడమ్మా" అన్నారు తాతయ్య, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి, నేనూ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. మిల్టన్ దేవుడి మీద పెద్దవాళ్లు పోట్లాడుకున్న పుస్తకాలు అప్పుడు చదివాను. సి.ఎస్. లూయిస్ 1942లో, మిల్టన్ దేవుడు నచ్చలేదనేవాళ్లలో చాలామందికి నిజానికి దేవుడే నచ్చడని రాశాడు. విలియం ఎంప్సన్ 1961లో దానికి పూర్తిగా ఎదురు నిలిచాడు, దేవుణ్ణి అంత చెడ్డగా చూపించినందువల్లే కావ్యం అంత గొప్పదైందన్నాడు. ఇద్దరూ మహా పండితులు, ఎంప్సన్ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం కూడా. కానీ చదువుతున్నంతసేపూ ఇద్దరూ ఆ సింహాసనం చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించేది. మా తాతయ్య దేవుడు ఏం మాట్లాడాడనే దానికన్నా ఎప్పుడు లేచాడు అని చూశారు. నేనూ ఆ కొలతతోనే చదవడం నేర్చుకున్నాను, పాఠం చెప్పేటప్పుడూ అదే చెప్పాను, సిలబస్‌లో ఉన్నా లేకపోయినా మూడో స్కంధంలో ఆ నిశ్శబ్దం దగ్గరి పేజీ మాత్రం ప్రతి బ్యాచ్‌కీ చదివి వినిపించాను.

ఇటలీ కవి దాంతే 'డివైన్ కామెడీ' తాతయ్య పోయాకే చదివాను, ఇంగ్లీషు అనువాదంలో. ఆ బాధ నాకు పోదు, ఆయనకి చివరి సర్గ వినిపించి ఉంటే ఎంత బాగుండేదో. 1321లో చనిపోయే ముందు దాంతే పూర్తి చేసిన నూరు సర్గల కావ్యం అది. నరకం దాటి, పర్వతం ఎక్కి, ఆకాశాలన్నీ దాటి వెళ్లినా దేవుడు ఆఖరి పేజీల దాకా ముఖం చూపించడు. మొదట ఒక చిన్న బిందువు కనపడుతుంది. మనకి అన్నిటికన్నా చిన్నగా కనపడే నక్షత్రాన్ని దాని పక్కన పెడితే చంద్రుడంత ఉంటుంది, అంత చిన్నది ఆ బిందువు, కళ్లు తెరిచి చూడలేనంత పదును. చివరి సర్గలో ఆ వెలుగులోనే మూడు రంగుల మూడు చక్రాలు, మూడూ ఒకే కొలత. అందులో దేవుడు ఒక్క మాట మాట్లాడడు. సంజాయిషీ లేదు, తీర్పు లేదు. మాట్లాడలేకపోతున్నది కవే, తల్లి రొమ్ము దగ్గరున్న పసిపిల్లకున్నంత మాట కూడా నాకు లేదంటాడు. ఇక ఆ చక్రాల్లో ఒకదాంట్లోకి అట్లా చూస్తూ ఉండగా, దాని రంగులోనే గీసినట్టుగా మన రూపం కనపడుతుంది. మనిషి రూపం.

నేను పుస్తకం పక్కన పెట్టేశాను. మిల్టన్ ఇక చూడలేనని ఏడ్చిన మనిషి ముఖం, అంతకు మూడు వందల ఏళ్లకు ముందే దాంతే దేవుడి వెలుగులో కనపడుతోంది. అది అక్కడెట్లా ఇమిడిందా అని దాంతే తెలుసుకోబోతాడు, వృత్తానికి సరిసమానమైన చతురస్రం గీయబోయిన గణితజ్ఞుడిలా తికమకపడతాడు. ఒక్క మెరుపు మెరుస్తుంది, కావ్యం అయిపోతుంది.

మన దేశంలో కూడా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. గోవాలో థామస్ స్టీఫెన్స్ అనే ఇంగ్లీషు జెసూట్ ఫాదరీ 1616లో మరాఠీ ఓవీ ఛందస్సులో పదివేలకు పైగా పద్యాలతో 'క్రిస్తపురాణం' అచ్చువేయించాడు, పరలోకానికి వైకుంఠమన్న మాటే వాడాడు. ఇక మా వైపు మనిషి, వినుకొండలో పుట్టిన జాషువా ఉన్నారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు తాతయ్య తన క్లాసులో పిల్లలందరికీ బెల్లం, పుట్నాలు పంచారని మా నాన్న చెప్పేవారు. ఆ పుస్తకం అట్ట ఊడిపోతే అమ్మ దారంతో కుట్టింది, ఇప్పుడు నా దగ్గరుంది. ప్రభువు కథ మనకి వచ్చిన ఛందస్సులో, మన మాటల్లో వినడం అంటే ఏంటో తాతయ్య తరానికి బాగా తెలుసు, మిల్టన్ని విన్నప్పుడు ఆయన వెతికింది కూడా అటువంటి దగ్గరతనమే అనుకుంటాను.

మళ్లీ ఆ వేసవికే వస్తాను. సెలవులు ఇక వారం ఉన్నాయనగా ఎనిమిదో స్కంధం చదివాం. అందులో ఆదాము తనకి తోడు కావాలని అడుగుతాడు. దేవుడు నవ్వుతూ, నేను అనాదిగా ఒంటరినే కదా, నన్ను చూస్తే సంతోషం లేనివాడిలా ఉన్నానా అంటాడు. ఆదాము తగ్గడు. నీకేం, నువ్వు పరిపూర్ణుడివి, నాకు లోటుంది అని మర్యాదగానే వాదిస్తాడు. చివరికి దేవుడు, ఇదంతా నిన్ను పరీక్షిద్దామనే, నువ్వు అడగకముందే మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదని నాకు తెలుసు అంటాడు. తాతయ్య గట్టిగా నవ్వారు. చూపు పోయాక ఆయన అంత నవ్వు నవ్వడం నేను వినలేదు. "మాటకి మాట చెప్పనిచ్చాడే! కుర్చీ దిగకపోయినా ఇది చాలు" అన్నారు.

పదో స్కంధం చదివింది నేను గుంటూరు బస్సెక్కే ముందురోజు. ఎండ విపరీతంగా ఉంది, అమ్మ అంచులు మడిచి కుడుతోంది. పండు తినేశారు, పరలోకంలో తెలిసింది, తండ్రి కుమారుణ్ణి తీర్పు తీర్చడానికి పంపుతాడు. కుమారుడు ఒంటరిగా, పరివారమెవరూ లేకుండా దిగివస్తాడు, అప్పటికి పొద్దు వాలుతోంది, చల్లగాలి తోటలో తిరుగుతోంది, వాళ్లిద్దరూ చెట్ల చాటున దాక్కున్నారు. పిలుస్తాడు, అడుగుతాడు, తీర్పు చెబుతాడు, ఆదికాండంలో ఉన్న మాటలే దాదాపుగా. ఆ తర్వాత మిల్టన్ ఒకటి రాశాడు. తీర్పు చెప్పినవాడు వాళ్లు ఒంటి మీద గుడ్డ లేకుండా ఆ గాలిలో నిలబడి ఉండటం చూశాడు. ఇక ముందు ఆ గాలి మునుపటిలా ఉండదని ఆయనకి తెలుసు. జాలిపడ్డాడు. తన సేవకుల పాదాలు తర్వాతెప్పుడో కడిగినట్టుగానే, ఇప్పుడు ఇంటి తండ్రిలా, వాళ్లకి చర్మాలతో బట్టలు తొడిగాడు.

మిషను ఆగింది.

"ఏమన్నావ్? మళ్లీ చదువు" అంది అమ్మ.

మళ్లీ చదివాను. తాతయ్య కూడా అమ్మ వైపే ముఖం తిప్పి ఉన్నారు.

"చర్మపు చొక్కాయిలని మన ఆదికాండంలో ఉంది కదా మావయ్యగారూ" అంది అమ్మ. "గాలికి నిలబడి ఉంటే చూసి జాలిపడ్డాడని లేదు."

"లేదమ్మా. ఈ కవి చూశాడు."

"కళ్లు లేనాయన."

"ఆఁ."

అమ్మ చేతిలో పసుపుపచ్చ జాకెట్టు చెయ్యి సగం కుట్టి ఉంది, దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసింది. "తోటలోంచి పంపాక తొడిగాడా, పంపకముందేనా?" అని నన్ను అడిగింది.

"పంపకముందే. పంపడం ఇంకా రెండు స్కంధాల తర్వాత."

"అయితే చదువు" అంది. సూదిలో దారం ఎక్కించింది గానీ కాలు మాత్రం తొక్కు మీద పెట్టలేదు. మిగతాది చదువుతుంటే ఆ పూట నాకు గొంతు పెంచాల్సిన పని లేకపోయింది.